మేత అడగని సరుకు

కొల్లేటి పక్క మా మండవల్లి సెంటర్లో పొద్దున్నే టీ తాగేవాళ్ళ ఫోన్లలో ఈమధ్య రెండు రేట్లు కనబడుతున్నాయి. ఒకటి రొయ్య రేటు. ఇది పాతదే. ముప్పై కౌంటు నుంచి వంద కౌంటు దాకా (కౌంటు అంటే కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయో అది) వరసగా రాసి, పక్కన రూపాయలు వేసి ఏజెంట్లు వాట్సాప్‌లో పెడతారు. రెండోది బిట్‌కాయిన్ రేటు. అది డాలర్లలో ఉంటుంది, కింద ఎర్ర గీతలూ పచ్చ గీతలూ ఉంటాయి. మొదటిది చూసేవాళ్ళకి యాభై దాటి ఉంటాయి, రెండోది చూసేవాళ్ళకి ముప్పై నిండి ఉండవు. రెండూ చూసేవాళ్ళు కొందరున్నారు. పేపరు రాకముందే, వాళ్ళ మొహం చూసి అమెరికాలో రాత్రి ఏదో జరిగిందని చెప్పేయొచ్చు.

ఈ రెండు సరుకులకీ ఒక చుట్టరికం ఉంది. వనామి రొయ్యని మన దేశంలో వ్యాపారానికి పెంచుకోవచ్చని అనుమతి వచ్చింది 2009లో. బిట్‌కాయిన్ పుట్టింది కూడా ఆ ఏడాది జనవరిలోనే. రెండూ పరాయివే. వనామి పుట్టిల్లు మెక్సికో, పెరూల వైపు పసిఫిక్ తీరం. రెండోదాని తండ్రి పేరు సతోషి నకమోటో అంటారు గాని, ఆ పేరుగల మనిషి ఎవరో ఇప్పటికీ తేలలేదు. రొయ్య పిల్లకి కనీసం హేచరీ అడ్రసన్నా ఉంటుంది.

మా అన్నయ్య కొడుకు రెండు రేట్లూ చూసే రకం. పగలు చెరువు గట్టు మీద ఉంటాడు, రాత్రి చార్టు ముందు ఉంటాడు. నేను బ్యాంకులో పనిచేసి రిటైరయ్యాను కాబట్టి డబ్బు భవిష్యత్తు నాకు తెలుసని వాడి నమ్మకం. బ్యాంకులో పనిచేసినవాడికి తెలిసేది డబ్బు గతం మాత్రమే, అదీ లెక్కలు సరిగ్గా రాస్తే. అయినా అడుగుతూనే ఉంటాడు: "బాబాయ్, వచ్చే రెండు వారాలు ఎలా ఉంటుందంటావు?"

వాడి ఆత్రానికి కారణం లేకపోలేదు. 2025 అక్టోబరు 6న బిట్‌కాయిన్ లక్షా ఇరవై ఆరు వేల డాలర్లు దాటింది. అంతకుముందు ఎన్నడూ అంత లేదు. నవంబరు మూడో వారానికి ఎనభై వేల డాలర్ల దగ్గరికొచ్చి పడింది. నెలన్నరలో మూడో వంతు పోయింది. ఇలాంటప్పుడు మనిషికి కావాల్సింది పదేళ్ళ జాతకం కాదు, ఎల్లుండి సంగతి. ఆ ఎల్లుండి చెప్పడానికి యూట్యూబ్‌లో తెలుగులోనే బోలెడు మంది ఉన్నారు. మావాడు నాకు వినిపించిన ఒకాయన ఇరవై నిమిషాలు గీతలు గీసి, చివరికి తేల్చింది ఇది: ఈ రేటు నిలబడితే పైకెళ్తుంది, విరిగితే కిందికెళ్తుంది. ఈ మాటకి చార్టు ఎందుకో నాకు అర్థం కాలేదు. మా రైల్వే గేటు దగ్గర నిలబడ్డవాడు కూడా చెప్తాడు, గేటు తీస్తే వెళ్తాం, తీయకపోతే ఆగుతాం అని.

వాళ్ళని ఎగతాళి చేయడం తేలికే. కానీ పడుతున్న బజారులో జోస్యం ఎందుకు తప్పుతుందో చూస్తే ఎగతాళి చేయబుద్ధి కాదు. వాళ్ళ సూత్రాలు గాలిలోంచి పుట్టినవి కావు, చాలా ఏళ్ళు నిలబడినవి. ఉదాహరణకి రెండు. ఒకటి, బిట్‌కాయిన్ ఎంత పడినా దాని వెనకటి పొంగులో తాకిన శిఖరం కిందికి రాదు అన్నది. రెండోది, రెండు వందల వారాల సగటు రేటు దాని నేల, అక్కడికొచ్చి ఆగుతుంది అన్నది. 2015లోనూ 2018లోనూ పడినప్పుడు ఆ సగటు దగ్గరే ఆగింది. అందుకని 2022లో జనం ఆ గీత మీద ప్రాణాలు పెట్టుకున్నారు. ఆ ఏడాది జూన్ 18న రేటు పదిహేడు వేల ఆరు వందల డాలర్ల దాకా జారింది. 2017 డిసెంబరు శిఖరం దాదాపు ఇరవై వేలు. అంటే ఒకే నెలలో రెండు సూత్రాలూ విరిగాయి.

విరిగాక ఏమైందన్నది ఇంకా చిత్రం. అక్కణ్ణించి రేటు లేచింది. ఆగస్టు నడిమికి పాతిక వేలు తాకింది. రెండు నెలల్లో నలభై శాతం! "అడుగు చూసేసింది, ఇక పైకే" అని అప్పుడు కొన్నవాళ్ళ మాటలో తర్కం లేదని అనలేం. నలభై శాతం పెరుగుదలని ఏ కళ్ళతో చూసినా పెరుగుదలలాగే ఉంటుంది. కానీ నవంబరు 11న ఎఫ్‌టీఎక్స్ అనే పెద్ద ఎక్స్చేంజి దివాలా పిటిషను వేసింది. ఆ నెలలోనే రేటు పదిహేను వేల అయిదు వందల దాకా వెళ్ళింది. ఏడాది కిందటి అరవై తొమ్మిది వేల నుంచి లెక్కేస్తే వందకి డెబ్బై ఏడు పోయినట్టు. అక్కణ్ణించి మళ్ళీ పాత రేటు చూడాలంటే దాదాపు నాలుగున్నర రెట్లు కావాలి. పడే మెట్లూ ఎక్కే మెట్లూ ఒకే ఎత్తులో ఉండవు. సగం పడ్డది మళ్ళీ నిలబడాలంటే రెట్టింపు కావాలి. ఈ లెక్క అయిదో తరగతిదే, కానీ పడుతున్న రోజుల్లో ఎవరికీ గుర్తుకు రాదు.

పడే బజారులో ఇలాంటి పెద్ద పెద్ద లేవడాలు రావడం వింత కాదు. పడుతుందని పందెం కాసినవాళ్ళు లాభం కళ్ళజూసి ఒక్కసారిగా బయటపడాలంటే, వాళ్ళు కూడా తిరిగి కొనాల్సిందే. ఆ కొనుగోళ్ళతో రేటు ఎగురుతుంది. చూసేవాడికి అది కొత్త కొనుగోలుదారు వచ్చినట్టు కనబడుతుంది. వచ్చింది కొత్తవాడు కాదు, పాతవాడు బాకీ తీర్చుకుంటున్నాడు.

ఒకరోజు మా ఇంటి అరుగు మీద ఈ గొడవంతా మావాడు నాకు చెప్తుంటే, మా అన్నయ్య పక్కన మడత కుర్చీలో కూర్చుని విన్నాడు. అన్నయ్యకి ఫోన్లో డబ్బంటే కరెంటు బిల్లు కట్టడం వరకే తెలుసు. చెరువు గురించి మాత్రం ఆయనకి తెలియనిది తక్కువ. కాసేపు విని, కొడుకుని అడిగాడు.

"అది చస్తుందేంట్రా?"

"చావదు నాన్నా. అది ప్రాణం కాదుగా."

"వైట్ స్పాట్ జబ్బూ అవీ ఏవీ రావు?"

"రావు."

"మేత?"

"అక్కర్లేదు."

"మరి రాత్రిళ్ళు ఎందుకు మేలుకుంటున్నావు?"

మావాడు నవ్వేసి ఊరుకున్నాడు. నేను మాత్రం ఆ ప్రశ్నని వదలలేకపోయాను. స్వల్పకాల జోస్యం ఎవరికి కావాలో, ఎందుకు కావాలో మొత్తం అందులోనే ఉంది.

రొయ్యల రైతుకి వచ్చే రెండు వారాల రేటు తెలియడం నిజంగా అవసరం. ఎందుకంటే ఆయన సరుకు తింటుంది. రోజుకి మూడు నాలుగు పూటలు తింటుంది. పెట్టుబడిలో సగం పైన మేతకే పోతుంది. రేటు పడిపోయిందని, లేచేదాకా ఆగుదామంటే ఆగిన ప్రతి పూటకీ బస్తాలు ఖాళీ అవుతాయి, డీజిలు కాలుతుంది, ఏరేటర్లు తిరుగుతూనే ఉండాలి. ఆగినన్నాళ్ళూ జబ్బు భయం. తెల్లవారుజామున నీళ్ళలో ఆక్సిజన్ అడుగంటుతుంది. మబ్బు పట్టిన మర్నాడు మరీను. ఆ వేళ కరెంటు పోయి జనరేటరు మొరాయిస్తే, తెల్లారేసరికి సరుకంతా గట్టు వారకి చేరి ఉంటుంది. అప్పుడు చేసేదే ఎమర్జెన్సీ పట్టుబడి. ఏ కౌంటుకి వచ్చిందో చూసుకునేది లేదు, రేటెంతో బేరమాడేది లేదు. వల వేయడం, ఐసు పోయడం, లారీ ఎక్కించడం. చుట్టుపక్కల నాలుగు చెరువుల్లో ఒకేసారి జబ్బు చేస్తే అందరిదీ అదే చిన్న సైజు రొయ్య, అదే పూట బజారుకొస్తుంది. రేటుని పడగొట్టేది కొనేవాడు కాదు, ఆగలేనివాడు.

బిట్‌కాయిన్ తినదు. డబ్బు పెట్టి కొని, పక్కన పడేసినవాడికి రేపటి రేటుతో పని లేదు. పెట్టిన డబ్బు పోవచ్చు, అది వేరే సంగతి. కానీ ఈ పూటే అమ్మాలని వాణ్ణి ఎవరూ మెడ పట్టుకుని అడగరు. ఇన్ని వేల ఏళ్ళ వ్యాపారంలో మేత అడగని, గోడౌను అద్దె అడగని, కుళ్ళని సరుకులు బంగారం తర్వాత ఎన్ని ఉన్నాయి గనక! అలాంటి సరుకుని తీసుకెళ్ళి దానికి నోరు పెట్టారు. ఆ నోటి పేరు లివరేజ్.

మావాడి ఖాతాలో యాభై వేలున్నాయనుకోండి. పది రెట్లు అని నొక్కితే అయిదు లక్షల సరుకు మీద పందెం కాసినట్టు. రేటు పది శాతం పెరిగితే యాభై వేలు లాభం. పది శాతం పడితే యాభై వేలూ మాయం. నిజానికి పది దాకా కూడా ఆగరు, ఎక్స్చేంజి తన డబ్బుకి తాకకుండా కాస్త ముందే, మనల్ని అడక్కుండా, ఉన్న రేటుకి అమ్మేసుకుంటుంది. దాన్నే లిక్విడేషన్ అంటారు. ఇది కాక, ఫ్యూచర్స్ పందెం నిలబెట్టుకున్నంత కాలం, చాలా ఎక్స్చేంజీల్లో ఎనిమిది గంటలకోసారి ఫండింగ్ అని ఒకటి నడుస్తుంది. బజారు పైకి చూస్తున్నప్పుడు కొన్నవాళ్ళు అమ్మినవాళ్ళకి కడతారు, కిందికి చూస్తున్నప్పుడు అమ్మినవాళ్ళు కొన్నవాళ్ళకి కడతారు. ఎనిమిది గంటలకోసారి అంటే రోజుకి మూడు పూటలు. నేను ఈ సంగతి చెప్పగానే అన్నయ్య, "మరి మేత లేదన్నాడే?" అన్నాడు.

ఇక నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చి కొన్నవాళ్ళ సంగతి చెప్పనే అక్కర్లేదు. అక్కడ కాయిన్ తినదు, అప్పిచ్చినాయన తింటాడు.

ఆ నోళ్ళన్నీ ఒక్కసారి తెరుచుకుంటే ఏమవుతుందో 2025 అక్టోబరులో లోకం చూసింది. మనకి అక్టోబరు 11 తెల్లవారుజాము, రెండు గంటలు దాటింది. అమెరికాలో ఇంకా పదో తారీఖు సాయంత్రం. చైనా సరుకుల మీద మరో వంద శాతం సుంకం వేస్తానని ట్రంప్ ప్రకటన పెట్టాడు. ఆ రోజు లక్షా ఇరవై వేల పైన మొదలైన బిట్‌కాయిన్ ఆ ప్రకటన తర్వాత కాసేపట్లో లక్షా అయిదు వేల పరిసరాలకి పడిపోయింది. చిన్న కాయిన్లు కొన్ని సగానికి సగం, అంతకన్నా కిందికి కూడా పోయాయి. ఒక్క రోజులో పంతొమ్మిది వందల కోట్ల డాలర్ల పందేలు బలవంతంగా మూతపడ్డాయి, పదహారు లక్షల మందికి పైగా ఖాతాదారులవి. మన డబ్బులో లక్షా అరవై వేల కోట్ల పైమాట. అంతకుముందు లెక్కలకెక్కిన వాటిలో అంత పెద్దది లేదు. వాళ్ళలో కొందరి ఆలోచన తప్పు కాకపోవచ్చు, ఆగితే లాభమే వచ్చేదేమో. ఆగనిచ్చేవాళ్ళెవరు? లోకమంతా ఒకే రాత్రి ఎమర్జెన్సీ పట్టుబడి. మా ఊళ్ళో చెరువు కాపలావాళ్ళు టార్చిలైటు వేసుకుని ఆక్సిజన్ చూసుకునే వేళకి అది జరిగిందన్నది కాకతాళీయమే, కానీ మావాడు ఆ రాత్రి రెండు పనులూ చేస్తున్నాడు.

సుంకం మాటొచ్చింది కాబట్టి ఇంకో సంగతి. అదే కలం అంతకుముందు మా రొయ్యల మీదా పడింది. 2025 ఏప్రిల్ 2న అమెరికా దాదాపు అన్ని దేశాల మీదా సుంకాల పట్టిక చదివింది, మన వాటా ఇరవై ఆరు శాతం. అప్పటికి మన రొయ్యలు ఎక్కువగా వెళ్ళేది అక్కడికే. మర్నాటి నుంచే మా దగ్గర కొనేవాళ్ళు కిలో మీద పదుల రూపాయల్లో కోసేశారు. సుంకం ఇంకా అమల్లోకి రాలేదు. కోల్డ్ స్టోరేజీల్లో ఉన్నది పాత రేటుకి కొన్న సరుకు. చెరువులో రొయ్యకి ట్రంప్ ఎవరో తెలీదు. అయినా రేటు పడింది. ఏప్రిల్ 7న బిట్‌కాయిన్ కూడా డెబ్బై అయిదు వేల కిందికి తొంగి చూసింది. 9న పట్టికలో ఎక్కువ భాగాన్ని తొంభై రోజులు వాయిదా వేశారు, కాయిన్ గంటల్లో లేచింది. రొయ్య లేవడానికి ఎక్కువ టైము పట్టింది. ఆగస్టు 27 నుంచి మన సరుకు మీద సుంకం యాభై శాతమైంది, రొయ్యల మీద అంతకుముందునుంచి ఉన్న సుంకాలు దానికి అదనం. బిట్‌కాయిన్ ఏ ప్రభుత్వానికీ లోబడనిదని దాని భక్తులు చెప్తారు. లోబడకపోవచ్చు గాని, ఒక్క మనిషి పలికిన నాలుగు వాక్యాలకి వంద కౌంటు రొయ్య ఎంత అదిరిందో అదీ అంతే అదిరింది.

మన దేశంలో రోజువారీ కొని అమ్మేవాళ్ళకి ఇంకో చిక్కుంది. దాన్ని చార్టుల వాళ్ళు ఎందుకో గబగబా చదివేసి పోతారు. 2022 ఏప్రిల్ 1 నుంచి క్రిప్టో లాభం మీద ముప్పై శాతం పన్ను, సెస్సు అదనం. జులై 1 నుంచి అమ్మిన ప్రతిసారీ, లాభం వచ్చినా నష్టం వచ్చినా, అమ్మకం విలువలో ఒక శాతం టీడీఎస్. చేపల కాటా దగ్గర తరుగు తీసే పద్ధతి మావాళ్ళకి తెలుసు కాబట్టి ఒక శాతం అంటే పెద్దగా ఉలిక్కిపడరు. పైగా ఈ తరుగు రిటర్ను వేస్తే సర్దుబాటవుతుంది, మిగిలితే వెనక్కి వస్తుంది. కాటా దగ్గర పోయిన తరుగు ఎన్నడన్నా వెనక్కొచ్చిందా! కానీ కాటా ఒక పంటకి ఒకసారే. లక్ష రూపాయలు పెట్టి, అదే డబ్బుతో యాభై సార్లు కొని అమ్మినవాడి చేతిలో, రేటు కదలకపోయినా, అరవై వేల అయిదు వందలు మిగులుతాయి. ముప్పై తొమ్మిదిన్నర వేలు రిటర్ను వేసేదాకా ఆదాయపన్ను శాఖ దగ్గర పడి ఉంటాయి. యాభై అమ్మకాలంటే ఉత్సాహవంతుడికి నెల పని.

అంతకన్నా కష్టం నష్టాల సంగతి. ఒక కాయిన్ మీద యాభై వేలు వచ్చి, ఇంకో దాని మీద యాభై వేలు పోతే, వాడి జేబులో కొత్తగా చేరింది సున్న. పన్ను లెక్కలో మాత్రం వాడు యాభై వేలు సంపాదించాడు. సెస్సుతో కలిపి పదిహేను వేల ఆరు వందలు కట్టాలి. పోయినదాన్ని వచ్చినదాంట్లో కలుపుకోవడానికి లేదు, వచ్చే ఏడాదికి మోసుకుపోవడానికీ లేదు. పెరిగే బజారులో ఇది భరించవచ్చు. పడే బజారులో గెలుపులూ ఓటములూ ఒకదాని వెనక ఒకటి వస్తాయి. అక్కడ స్వల్పకాలం ఆడేవాడు సగం సార్లు సరిగ్గా చెప్పినా చాలదు. నేను బ్యాంకు మనిషిని గనక నాకు చార్టు కన్నా ఈ లెక్కే ముందు కనబడుతుంది. ఈ లెక్క మావాడికి చూపించినప్పుడు వాడు రెండు నిమిషాలు మాట్లాడలేదు. తర్వాత, "అందుకే బాబాయ్ అందరూ ఫ్యూచర్స్‌కి పోయారు" అన్నాడు. తరుగు తప్పించుకోవడానికి నోరున్న సరుకు దగ్గరికి పోయారన్నమాట.

ఏ జోస్యానికీ అందనిది ఒకటుంది, గండి. 2024 జులై 18న వజీర్ఎక్స్ అనే మన దేశపు ఎక్స్చేంజి నుంచి ఇరవై మూడు కోట్ల డాలర్ల సరుకు దొంగలెత్తుకుపోయారు. ఖాతాదారుల మిగతా సొమ్ము కూడా లోపలే ఉండిపోయింది. వ్యవహారం సింగపూర్ కోర్టు దాకా వెళ్ళి, మళ్ళీ కొనుగోళ్ళూ అమ్మకాలూ మొదలైంది 2025 అక్టోబరులో. మధ్యలో బిట్‌కాయిన్ రెట్టింపు దాకా వెళ్ళింది. రేటు పెరుగుతుందని సరిగ్గా ఊహించినవాళ్ళు కూడా అందులో ఇరుక్కుని, ఫోన్లో చూస్తూ కూర్చున్నారు. ఆ దొంగతనం కబురు మా దగ్గర చల్లారకముందే, అదే 2024 సెప్టెంబరులో, బుడమేరు పొంగింది. బెజవాడని ముంచిన నీళ్ళు చివరికి చేరేది కొల్లేటికే. ఆ నీళ్ళు సముద్రానికి పోవడానికి ఉన్నది ఒక్క ఉప్పుటేరు. పెనుమాకలంక రోడ్డు మీద పడవలు తిరిగాయి. అలాంటప్పుడు గట్ల మీద వలలు కట్టి రాత్రంతా కాపలా కాస్తారు. చెరువులో చేప ఎంత బరువుందో, హౌరా బజారులో రేటెంతుందో అన్నీ తెలిసినా, నీరు గట్టు దాటితే చేప ఎవరిదీ కాదు.

గట్టు అన్నాక ప్రభుత్వం మాట కూడా చెప్పాలి. కొల్లేరు అయిదో కాంటూరు వరకూ అభయారణ్యమని 1999లో జీవో వచ్చింది. చెరువులు అలాగే నడిచాయి. 2006లో ఆపరేషన్ కొల్లేరు అని వచ్చి గట్లు తెంపేశారు. క్రిప్టోతో లావాదేవీలు పెట్టుకోవద్దని రిజర్వు బ్యాంకు 2018 ఏప్రిల్‌లో బ్యాంకులకి చెప్పింది. 2020 మార్చి 4న సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వు కొట్టేసింది. ఇప్పుడు దానికి డబ్బుగా గుర్తింపు లేదు, పన్ను మాత్రం ఉంది. ఈ పద్ధతి తెలంగాణ కుర్రాడికో చెన్నై కుర్రాడికో వింతగా ఉండొచ్చు. కొల్లేటి పక్క పుట్టినవాడికి కొత్తేం కాదు.

ఇంతకీ మావాడి ప్రశ్నకి జవాబు? వచ్చే రెండు వారాల మాట చెప్పమంటే నేను రేటు చూడను. ఇంకా ఎన్ని నోళ్ళు తెరుచుకుని ఉన్నాయో చూడమంటాను. అప్పు మీద నిలబడ్డ పందేలు ఎంత ఉన్నాయో ఓపెన్ ఇంట్రెస్ట్ అనే లెక్కలో రోజూ కనబడుతుంది. మేత ఎవరు ఎవరికి కడుతున్నారో ఫండింగ్‌లో కనబడుతుంది. పడుతున్న బజారులో రేటు లేస్తూ, దాంతోపాటు అప్పు పందేలు కూడా మళ్ళీ బరువెక్కుతుంటే ఆ లేవడం ఎక్కువ రోజులు ఉండదని నా అనుమానం. అది అనుమానమే, సూత్రం కాదు. సూత్రాలకి 2022 జూన్‌లో ఏమైందో పైన చెప్పాను. ఇంకోటి, 2018 డిసెంబరులో మూడు వేల రెండు వందల దగ్గర అడుగు తాకిన తర్వాత బిట్‌కాయిన్ మూడు నెలల పైచిలుకు నాలుగు వేల చుట్టూ అటూ ఇటూ కదలకుండా పడుంది. మరుసటి ఏడాది ఏప్రిల్ 2న, ఎవరూ చూడనప్పుడు, ఒక్క రోజులో అయిదు వేల దాకా లేచింది. ఆ మూడు నెలలూ రోజువారీ ఆటగాడికి చచ్చేంత విసుగు. ఏమీ చేయకుండా కూర్చోవడం వాడికి చేతకాదు. వాడి భాషలో పెరుగుతుందనే లాంగ్ ఉంది, పడుతుందనే షార్ట్ ఉంది, ఊరకుండడం లేదు.

రైతుల్లో అది ఉంది. 2011 ఖరీఫ్‌లో కోనసీమ రైతులు గిట్టుబాటు లేదని పంట విరామం ప్రకటించి, బంగారంలాంటి డెల్టా భూముల్ని బీడు పెట్టారు. వరి రైతు వరి వేయకపోవడమంటే ఎంత మాటో ఈ జిల్లాల్లో పుట్టినవాళ్ళకి చెప్పక్కర్లేదు. దాన్ని ఓటమి అన్నవాళ్ళూ ఉన్నారు, నిరసన అన్నవాళ్ళూ ఉన్నారు. నా దృష్టిలో అది మా ప్రాంతంలో నేను చూసిన అన్నిటికన్నా ఖచ్చితమైన స్వల్పకాల అంచనా. వేస్తే ఎంత పోతుందో తెలుసు, వేయకపోతే ఎంత పోతుందో తెలుసు, రెండోది తక్కువ. చెరువుల వాళ్ళూ రేట్లు బాగాలేనప్పుడు ఒకోసారి ఈ మాటే అంటుంటారు. అందరూ చేయరు. లీజు కట్టేశాక చెరువుని ఊరికే ఉంచడానికి గుండె కావాలి.

మా అన్నయ్య ఈసారి ఉంచాడు. సుంకం సంగతి తేలేదాకా పిల్ల వేయనని చెప్పి, నీళ్ళు తోడించేసి, చెరువు ఎండగట్టాడు. నేల నెర్రెలు విచ్చేదాకా ఎండితే అడుగునున్న చెడంతా పోతుందని ఆయన లెక్క. మావాడు కూడా ఫ్యూచర్స్ పందేలన్నీ మూసేసి, తన డబ్బుతో కొన్న కాస్త బిట్‌కాయిన్ మాత్రం అట్టేపెట్టాడు. ఆ సంగతి తండ్రికి కాస్త గొప్పగానే చెప్పాడు: "నేనూ ఎండగట్టేశాను నాన్నా."

"మంచిదే. సున్నం చల్లావా?"

"దీనికి సున్నమేంటి?"

"ఎండితే చాలదురా, పురుగు ఉంటుంది. ఆ ఫోన్లో రాత్రీ పగలూ టుంగు టుంగు మంటాయే, ఏదో గ్రూపులు..."

"టెలిగ్రామ్."

"ఆఁ, అదే. చల్లు."

మావాడు నావైపు చూశాడు. ఒకటి ఉంచుకుంటాను బాబాయ్, ఒక్కటే, అన్నాడు.